మీ ఆట ఏదో చెప్పండి, కాసినో సంగతి తర్వాత చూద్దాం

(కూకట్‌పల్లిలోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

వెనకాల వినబడుతుందా? ఆ ఫ్యాన్ జర తగ్గించు బాబూ, మైక్‌ల గాలి కొడుతున్నది. ఆఁ, ఇప్పుడు ఓకే. అందరికీ నమస్కారం. సెక్రటరీ గారు ఫోన్ చేసి ఏమన్నరంటే, సార్ మన కాలనీ నుంచి ఒక బ్యాచ్ సికింద్రాబాద్ నుంచి వాస్కో రైలెక్కి గోవా పోతున్నరు, అందరూ ఒకటే కాసినో కాసినో అంటున్నరు, మీరు జిందగీ అంతా స్టాటిస్టిక్స్ చెప్పినోళ్లు గదా, ఏ కాసినో మంచిదో ఒక గంట చెప్పండి అన్నరు. సరే గానీ వీళ్లు ఏం ఆడతరు అని అడిగిన. అదేంది సార్, కాసినోనే ఆడతరు అన్నరు. (నవ్వులు)

అక్కడే తేడా కొడుతది. ఏ కాసినో మంచిది అంటే నేనేం చెప్పాలె, బఫే మంచిగుండేది ఒకటి ఉంటది, స్టేజీ మీద డ్యాన్సులు మంచిగుండేది ఇంకోటి ఉంటది, వాటి కోసం పోయేటోళ్లు పోతరు, తప్పేం లేదు. కానీ ఆడదామని పోయేటోళ్లకి కాసినో అంటే గోవాల నది మీద నిలబెట్టిన ఆ ఓడ కాదు, ఆ లైట్లు కాదు, మీరు కూర్చునే ఒక్క టేబుల్, దాని మీద రాసిన రూలు, గెలిస్తే ఎంతిస్తరు, కనీసం ఎంత పెట్టాలె, గంటకి ఎన్ని ఆటలు తిరుగుతయి, అంతే. ఒకే హాల్లో ఒక టేబుల్ పర్వాలేదు అన్నట్టు ఉంటది, నాలుగడుగులు పక్కకి పోతే అదే ఆట, ఆట నడిపే డీలర్‌ది కూడా అదే డ్రెస్, కానీ మీ పైసలు రెండింతల స్పీడుతో పోతయి. అందుకే ముందు మీ ఆట ఏదో చెప్పండి, కాసినో సంగతి తర్వాత.

చట్టం సంగతి ముందే చెప్పేస్త, ఎందుకంటే ఆట ఎక్కడ ఆడొచ్చో తేల్చేది అదే. మన హైదరాబాద్‌ల కాసినో లేదు, ఉండదు, 1974 గేమింగ్ చట్టం కింద అది నేరం. 2017ల దాన్ని సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా మన రాష్ట్రం బంద్ చేసింది. 2025 ఆగస్టుల కేంద్రం దేశం మొత్తానికి చట్టం తెచ్చింది, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్ ఏదైనా సరే, తెలివితో ఆడేదైనా లక్కుతో ఆడేదైనా, నడపొద్దు, యాడ్ ఇయ్యొద్దు. నడిపినోళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. కాబట్టి ఎవడన్నా ఫోన్‌ల లింకు పంపి ఇది లైసెన్స్ ఉన్న కాసినో అన్న అంటే నమ్మకండి, ఇయ్యాల మన దేశంలో అట్లాంటి యాప్ లేదు. మలక్‌పేట రేస్ కోర్సు సంగతి వేరే, గుర్రప్పందెం స్కిల్ అని 1996ల సుప్రీంకోర్టు చెప్పింది, దాని జోలికి ఇయ్యాల పోను.

మన సికింద్రాబాద్ ముచ్చట ఒకటి చెప్త, చానామందికి తెల్వదు. 1963ల సికింద్రాబాద్‌ల క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు రెయిడ్ చేసిన్రు, లోపల రమ్మీ నడుస్తున్నది, ఆడేటోళ్లని, క్లబ్బు సెక్రటరీని, ట్రెజరర్‌ని అందరినీ పట్టుకున్నరు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1967ల తీర్పొచ్చింది, జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు. పడ్డ ముక్కలు గుర్తు పెట్టుకోవాలె, ఏది ఉంచుకోవాలె ఏది పారెయ్యాలె తెలివితో చూడాలె, కాబట్టి రమ్మీ ఉత్త లక్కు ఆట కాదు అన్నరు. అదే తీర్పుల మూడు ముక్కలాట గురించి మాత్రం ఫ్లష్ అనండి, బ్రాగ్ అనండి, అది పక్కా లక్కు అని తేల్చేసిన్రు. దేశంల ఎక్కడ రమ్మీ కేసు నడిచినా లాయర్లు ఇప్పటికీ తీసే తీర్పు అదే, పుట్టింది మన ప్యాట్నీకి ప్యారడైజ్‌కి ఆ చుట్టుపక్కల ఊర్ల. (నవ్వులు)

ఇగ గోవా. అక్కడ 1976 చట్టం ఉన్నది, 1992ల దాన్ని సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లకి స్లాట్ మెషీన్ల, అంటే పైసలేసి బటన్ కొట్టి ఆడే మెషీన్ల పర్మిషన్ ఇచ్చిన్రు, తర్వాత ఓడల మీద టేబుల్ ఆటలకి కూడా ఇచ్చిన్రు. ఇది మీకెందుకు చెప్తున్ననంటే, చట్టం రాసినట్టు చూస్తే గట్టు మీద హోటల్‌ల ఉండే కాసినో అంటే మెషీన్లు, ఎలక్ట్రానిక్ ఆటలు. మనిషి నిలబడి చేత్తో ముక్కలు పంచే టేబుల్ కావాలంటే మీరు పణజిల జెట్టీ దగ్గర చిన్న పడవెక్కి మండోవి నది మీద ఉన్న ఓడలకి పోవాలె, డెల్టిన్ రాయల్, బిగ్ డాడీ, ప్రైడ్ అవన్నీ ఆ వరసల్నే. వయసు 21 నిండాలె, ఐడీ కార్డు మర్చిపోవద్దు. గోవా లోకల్ వాళ్లకి 2020 నుంచి లోపలికి ఎంట్రీ లేదు, వాళ్ల సర్కారే వద్దన్నది. బయట నుంచి వచ్చే మనకి మాత్రం స్వాగతం, ఎందుకో మీరే ఆలోచించుకోండి. సిక్కింల గ్యాంగ్‌టక్‌ల కూడా హోటళ్లల్ల లైవ్ టేబుళ్లు ఉంటయి, అక్కడ కూడా లోకల్ వాళ్లకి బంద్.

ఇప్పుడు అసలు లెక్క. హౌస్ ఎడ్జ్ అంటరు. మీరు పెట్టే ప్రతి వంద రూపాయల మీద సగటున కాసినోకి ఎంత మిగులుతదో అది. ఇది ఆటో మీటర్ లెక్క, మీరు గెలుస్తున్నా తిరుగుతది, ఓడుతున్నా తిరుగుతది, నవ్వుకుంట కూర్చున్నా తిరుగుతది. దాంట్ల మూడు ముక్కలు కలవాలె, ఒక్క ఆటకి ఎంత పెడుతున్నరు, గంటకి ఎన్ని ఆటలు, ఎడ్జ్ ఎంత. మూడూ గుణిస్తే ఆ సీటు కిరాయి గంటకి ఎంతో తెలుస్తది. ఉదాహరణకి రౌలెట్ ఉన్నది, నంబర్లున్న చక్రం తిప్పి గోలీ ఏ గడిల పడుతదో పందెం కాసే ఆట, దాంట్ల ఆటకి 500 పెడుతున్నరు, గంటకి ఒక 40 సార్లు చక్రం తిరిగింది, 20 వేలు టేబుల్ మీద తిరిగినట్టు. సింగిల్ జీరో చక్రం అయితే 2.7 శాతం, అంటే గంటకి 540 రూపాయలు. డబుల్ జీరో అయితే 5.26 శాతం, 1,052 రూపాయలు. అదే కుర్చీ, అదే చాయ్, డబుల్ కిరాయి. ఒక్క రోజు ఆటల మీరు గెలవొచ్చు ఓడొచ్చు, అది లక్కు, నేను చెప్పేది సగటు, కానీ కాసినో వాడు బతికేది ఆ సగటు మీదనే.

రౌలెట్ వాళ్లకి నేను చెప్పేది అంతే, ఎక్కువ లేదు. కూర్చునే ముందు చక్రం మీద ఆకుపచ్చ గళ్లు, అంటే జీరోలు, లెక్కపెట్టండి. ఒకటుంటే 37 గళ్లు, నంబర్ మీద కొడితే 35 రెట్లు ఇస్తడు, పర్వాలేదు. రెండుంటే 38 గళ్లు, ఇచ్చేది మాత్రం అదే 35. లాస్ వేగాస్‌ల అయితే మూడు ఆకుపచ్చ గళ్లు కూడా పెట్టిన్రు, 7.69 శాతం, జనం దాని మీద కూడా ఎగబడి ఆడుతున్నరు. కొన్ని చోట్ల ఎరుపు-నలుపు మీద పెట్టినప్పుడు జీరో పడితే సగం పైసలు వాపస్ ఇచ్చే రూలుంటది, అట్లాంటి టేబుల్ దొరికితే ఆ పందెం మీద 1.35 శాతమే, మస్తు మంచిది, కానీ దొరకాలె గదా.

ఇగ మనోళ్ల ఆటకొద్దాం. లోనా-బయట. కొందరు కోతముక్క అంటరు, గోవా పోతే దాన్నే అందర్ బహార్ అంటరు. సంక్రాంతికి కోడిపందేల పక్కన టెంటేసి ఆడేది, కాసినోల ఏసీల కూర్చుని ఆడేది, ఆట ఒకటే. దీని మీద జరసేపు ఉంటా, ఎందుకంటే మన బ్యాచ్‌ల సగం మంది దీని దగ్గరకే పోతరని నాకు తెలుసు.

మధ్యల ఒక ముక్క తెరుస్తరు, అనుకోండి ఇస్పేట్ ఏడు. తర్వాత ఒకటి లోన, ఒకటి బయట, ఒకటి లోన, ఒకటి బయట, ఇట్ల పంచుకుంట పోతరు, ఇంకో ఏడు ఏ పక్కన పడితే ఆ పక్క గెలుపు. అందరూ ఇది ఫిఫ్టీ ఫిఫ్టీ అనుకుంటరు. కాదు. మొదటి ముక్క ఏ పక్కన వేస్తరో ఆ పక్కకి నూటికి 51న్నర ఛాన్సు, రెండో పక్కకి 48న్నర. ఎందుకు? ఒక్క ముక్క ముందుంటది గదా, ప్రతి రౌండుల ముందు వాడికే అవకాశం వస్తది. అందుకే కాసినో వాడు ఏం చేస్తడు, మొదటి ముక్క పడే పక్క గెలిస్తే రూపాయికి 90 పైసలే ఇస్తడు, రెండో పక్కకి రూపాయికి రూపాయి ఇస్తడు. ఇప్పుడు లెక్కేయండి. మొదటి పక్క, 51న్నర సార్లు 90 పైసలు వస్తది, 48న్నర సార్లు రూపాయి పోతది, నికరం వందకి 2 రూపాయల 15 పైసలు నష్టం. రెండో పక్క, 48న్నర సార్లు రూపాయి వస్తది, 51న్నర సార్లు రూపాయి పోతది, వందకి 3 రూపాయలు నష్టం. అంటే 90 పైసలే ఇచ్చే పక్క నిజానికి మనకి చవక. జనం ఉల్టా చేస్తరు, పూర్తి రూపాయి ఇస్తున్నడు గదా అని రెండో పక్కకి ఉరుకుతరు.

ఇప్పుడు టేబుల్ ఎట్ల పట్టుకోవాలె అంటే, డీలర్‌ని రెండే ప్రశ్నలు అడగండి, మొదటి ముక్క ఏ పక్కన వేస్తవు, ఏ పక్కకి ఎంతిస్తవు. కొన్ని చోట్ల తెరిచిన ముక్క నలుపైతే లోన మొదలు, ఎరుపైతే బయట మొదలు అని పెడతరు, మీరు ఎప్పుడూ లోన లోన అని గుడ్డిగా పెడుతుంటే సగం సార్లు తప్పు పక్కనుంటరు. ఇంకా దరిద్రం ఏందంటే, రెండు పక్కలకీ 90 పైసలే ఇచ్చే టేబుల్. అక్కడ రెండో పక్క మీద పెడితే వందకి 7 రూపాయల 85 పైసలు పోతది. ఆ టేబుల్ ఉన్న కాసినో ఎంత పెద్ద పేరుదైనా సరే, లోనా-బయట ఆడేటోడికి అది కాసినో కాదు, దుకాణం. ఎన్ని ముక్కల్ల పడుతదో చెప్పు, ఇరవై ఇస్త, నలభై ఇస్త అని పక్కన గడులు గీసి ఉంటయి చూడండి, ఆ సైడ్ పందేలు కాసినోకి జీతాలిచ్చే గడులు, వాటి జోలికి పోకండి.

(ప్రేక్షకుల్లోంచి ఒకరు: సార్, మరి గుండాట?)

గుండాట కాసినోల దొరకదు అన్నా, అది జాతర్లల్ల. కానీ లెక్క అడిగిన్రు కాబట్టి చెప్త. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, మీ బొమ్మ ఒకటి పడితే ఒకటికి ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు ఇస్తడు అనుకుందాం. మూడు పాచికలు 216 రకాలుగా పడొచ్చు. 125 సార్లు మీ బొమ్మ రానే రాదు, 75 సార్లు ఒకటి, 15 సార్లు రెండు, ఒక్కసారి మూడు. వచ్చేది 75, రెండు పదిహేన్లు 30, ఇంకో 3, మొత్తం 108. పోయేది 125. పదిహేడు తక్కువ. 216ల 17 అంటే 7.87 శాతం. డబుల్ జీరో రౌలెట్ కన్నా దారుణం, అయినా జాతర్ల జనం మూడు పాచికలు ఆరు బొమ్మలు, సగం సార్లు నాదే గదా అనుకుంటరు.

తీన్ పత్తీకి, అంటే మూడు ముక్కలాటకి వద్దాం. ఇంట్ల దీపావళికి ఆడేది, దోస్తులతో ఆడేది, అది మనిషికి మనిషికి ఆట, బ్లైండ్ ఆడొచ్చు, మొఖం చూసి ఎదుటోడు బెదిరిస్తున్నడో లేదో పట్టొచ్చు, ప్యాక్ చేయించొచ్చు. కాసినోల తీన్ పత్తీ అదే పేరు గానీ అది వేరే ఆట, మీరు డీలర్‌తో ఆడతరు, డీలర్‌ని బెదిరించలేరు, ఆమెకి మీ మొఖంతో పనే లేదు, రాసిన రూలు ప్రకారం ముక్కలు తెరుస్తది, అంతే. ఇంట్ల నేను తోపు, నేను ఆడితే అందరూ ప్యాక్ అనేటోళ్లకి అక్కడ ఆ తెలివి ఒక్క పైసకి పనికిరాదు. దాంట్ల లెక్క ఇది. 52 ముక్కల్ల మూడు ముక్కలు 22,100 రకాలుగా వస్తయి. దాంట్ల 16,440 సార్లు ఏమీ ఉండదు, ఉత్త పెద్ద ముక్క. అంటే నాలుగింట్ల దాదాపు మూడు సార్లు చేతుల ఏం లేదు. జత 3,744, కలర్ అంటే మూడూ ఒకే గుర్తువి 1,096, సీక్వెన్స్ అంటే వరస ముక్కలు 720, మూడూ ఒకటే పడేది 52, ప్యూర్ సీక్వెన్స్ అంటే ఒకే గుర్తుల వరస 48. తమాషా చూడండి, ప్యూర్ సీక్వెన్స్ మూడూ ఒకటే పడేదాని కన్నా అరుదు, అయినా మన తీన్ పత్తీల మూడు ఒకటేదే పైన. విదేశాల త్రీ కార్డ్ పోకర్‌ల మాత్రం ప్యూర్ సీక్వెన్స్ పైన పెట్టిన్రు, లెక్క ప్రకారం వాళ్లదే కరెక్ట్. అందుకే టేబుల్ దగ్గర బోనస్ బోర్డు చదవాలె, దేనికి ఎంత రాసిన్రు, డీలర్ క్వాలిఫై కావాలంటే, అంటే ఆమె ముక్కలు పోటీల లెక్కకి రావాలంటే, కనీసం రాణి ఉండాలె అన్నరా లేదా. మామూలు రూల్స్ ఉన్న త్రీ కార్డ్ పోకర్ మంచిగ ఆడితే 3.37 శాతం దగ్గరుంటది, బోర్డు మీద బోనస్ కొసరు తగ్గించిన చోట ఇంకా పెరుగుతది.

బ్లాక్‌జాక్. ఇది నిజంగా తెలివి పెట్టేటోళ్ల ఆట, కాసినోల అన్నిటికన్నా తక్కువ కిరాయి ఆట, మంచి రూల్స్ ఉండి, ఏ ముక్కకి ఏం చెయ్యాలో ఆ చార్టు బట్టీ పట్టి ఆడితే అర శాతం. అర శాతం! కానీ టేబుల్ క్లాత్ మీద ఒక లైన్ చదవాలె, బ్లాక్‌జాక్ పడితే, అంటే మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క అయితే, 3కి 2 ఇస్తడా 6కి 5 ఇస్తడా అని. 6, 5 పెద్ద నంబర్లు గదా, ఇదే ఎక్కువ అనుకుంటరు చానామంది. వంద పెడితే 3కి 2 అంటే 150 వస్తది, 6కి 5 అంటే 120 వస్తది. ప్రతి 21 డీల్స్‌ల ఒకసారి మీకు బ్లాక్‌జాక్ పడుతది, ప్రతిసారీ 30 రూపాయలు కట్, ఆ ఒక్క లైనుతోటి అర శాతం ఆట దాదాపు రెండు శాతం అయిపోతది. చార్టు రాకుండ మనసుకు తోచినట్టు ఆడేటోళ్లు ఇంకా ఎక్కువ ఇచ్చుకుంటరు, వాళ్లకి బకరా చాలా బెటర్.

బకరా అంటే మేక కాదమ్మా, (నవ్వులు) ఆట పేరే అది, బాకరా అని కూడా పలుకుతరు, మకావ్‌ల వచ్చే పైసల్ల పెద్ద వాటా దీని మీదనే. దీంట్ల మీకు చెయ్యడానికి ఏం లేదు, బ్యాంకర్, ప్లేయర్ అని పేర్లు పెట్టిన రెండు పక్కలకి ముక్కలు పంచుతరు, ఏ పక్క గెలుస్తదో చెప్పి కూర్చోవడమే. బ్యాంకర్ మీద 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. టై, అంటే రెండూ సమానం అన్న పందెం మీద 14 శాతం దాటుతది, ఎందుకంటే వందల తొమ్మిదిన్నర సార్లు వచ్చే దానికి 8 రెట్లే ఇస్తడు. బ్యాంకర్ గెలిస్తే ఐదు శాతం కమీషన్ కట్ చేస్తడు, దాని మీద కోపం పెట్టుకోకండి, ఆ కట్ పోయినంకనే 1.06. కమీషన్ లేదు అని బోర్డు పెట్టిన టేబుల్ ఉంటది, అక్కడ బ్యాంకర్ ఆరు పాయింట్లతో గెలిస్తే సగమే ఇస్తడు, లెక్కేస్తే 1.46. ఫ్రీ అని రాసిందే కాస్ట్‌లీ.

స్లాట్ మెషీన్ల గురించి రెండు ముక్కలు. మెషీన్‌ని ఎవ్వరూ ఎడ్జ్ ఎంత అని అడగలేరు, పైన రాసి ఉండదు. స్పీడే దాని పని. బటన్ కొట్టుకుంట పోతే గంటకి 600 సార్లు తిరుగుతది, ఒక్కోసారి 50 రూపాయలే గదా అనుకుంటరు, గంటకి 30 వేలు తిరిగినట్టు, 8 శాతం అనుకున్నా 2,400. అదే బకరా టేబుల్‌ల ఆటకి 500 పెట్టి గంటకి 70 డీల్స్ ఆడితే 35 వేల మీద 371. చిన్న పందెం, పెద్ద కిరాయి. ఆంటీలు ఎక్కువ మెషీన్ల దగ్గరే కూర్చుంటరు, టేబుల్ దగ్గర అడగాలంటే మొహమాటం అని. మొహమాటం వద్దమ్మా, డీలర్లు ఓపికగ చెప్తరు, అడిగితే వాళ్లకేం నష్టం లేదు.

పోకర్ వేరే లోకం, అక్కడ మీరు కాసినోతో ఆడరు, పక్కోడితో ఆడతరు, కాసినో ప్రతి పాట్ నుంచి, అంటే మధ్యల పోగైన పందెం నుంచి, రేక్ అని కొంత తీసుకుంటది. అక్కడ కాసినో ఎంచుకోవడం అంటే రేక్ ఎంత శాతం, దానికి పై లిమిట్ ఎంత, టేబుల్‌ల ఎదుటోళ్లు మీకన్నా వీకా కాదా. మీకన్నా వీక్ వాళ్లు కనపడకపోతే ఆ వీకు మీరే.

ఇప్పుడు పైసల కౌంటర్. దీని గురించి ఎవ్వరూ చెప్పరు, గోవాల అసలు ఎక్కువ పోయేది ఇక్కడ. 2023 అక్టోబర్ 1 నుంచి కాసినోల మీరు చిప్స్, అంటే పైసలకి బదులు టేబుల్ మీద పెట్టే బిళ్లలు, కొన్న మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పెట్టిన్రు, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. గెలిచిన దాని మీద కాదు, కొన్న దాని మీద. ఆ 40 మీ మీద ఎట్ల వేస్తరనేది కాసినోని బట్టి మారుతది. మొత్తం మీ మీదనే వేస్తే పది వేల చిప్స్‌కి 14 వేలు కట్టాలె, లోపలే కలిపితే పది వేలు ఇస్తే 7,143 చిప్స్ వస్తయి, కొంత వాళ్లే భరిస్తమనేటోళ్లు కూడా ఉంటరు. అంటే ఇందాక మనం 2.7కా 5.26కా అని కొట్లాడుకున్నం చూడండి, అదంతా ఈ కౌంటర్ ముందు చిల్లర. కాబట్టి ఏ కాసినో అని తేల్చే ముందు ఫోన్ చేసి అడగాల్సింది బఫేల ఏముంటది అని కాదు, పది వేలు ఇస్తే నా చేతికి ఎన్ని చిప్స్ వస్తయి అని. ఇంకోటి, చిప్స్ వాపస్ ఇస్తే ఆ ట్యాక్స్ వాపస్ రాదు, కానీ గెలిచిన చిప్స్‌తోటి మళ్లీ ఆడితే కొత్తగ ట్యాక్స్ పడదు. అందుకే ఒకేసారి పెద్ద మొత్తం కొనకండి, కొద్దికొద్దిగ కొనండి, క్యాష్ చేసుకుని మళ్లీ కొనుడు అయితే అస్సలు వద్దు.

ఎంట్రీ ప్యాకేజీల తిండి, మందు, కొన్ని చిప్స్ ఇస్తరు. ఆ చిప్స్‌ల రెండు రకాలు చూసుకోండి. ఓటీపీ అంటరు, ఫోన్‌ల వచ్చే ఓటీపీ కాదు, వన్ టైమ్ ప్లే. దాన్ని క్యాష్ చెయ్యలేరు, ఒక్కసారి పందెం పెట్టాలె, గెలిచినా ఓడినా ఆ చిప్ వాళ్లు తీసుకుంటరు, గెలిస్తే గెలుపు మాత్రం మీకు. అట్లాంటి వెయ్యి రూపాయల చిప్ ఎరుపు-నలుపు మీద పెడితే దాని అసలు విలువ సగటున 486 రూపాయలే. అదే ఒక్క నంబర్ మీద పెడితే 946. అర్థమైందా? 37ల ఒకసారే తగులుతది గానీ తగిలితే 35 వేలు, ఎట్లాగూ వాళ్లు చిప్ తీసుకుంటరు కాబట్టి పెద్ద గెలుపు మీద పెట్టుడే లెక్క. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా కొన్ని చోట్ల వాళ్లే రూలు పెడతరు, చిప్ వెనకాల చూడండి లేకపోతే అడగండి. శుక్ర, శని వారాల ఎంట్రీ రేటు పెరుగుతది, టేబుల్ మినిమమ్ కూడా పెరుగుతది, సోమవారం నుంచి గురువారం దాకా పోతే అదే టేబుల్ సగం పందెంతో ఆడనిస్తది చానాసార్లు. మీ బ్యాచ్ శనివారం పోతున్నరంట, టికెట్లు మార్చుకోండి వీలైతే.

గెలిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్. 30 శాతం, దాని మీద సెస్, కలిపి 31.2. గెలుపు పది వేలు దాటితే టీడీఎస్ కట్. శుక్రవారం పోయిన పైసలు శనివారం గెలుపుల నుంచి తీసేసి లెక్క చూపిస్త అంటే ఒప్పుకోరు, ఓటమికి సెటాఫ్ లేదు.

(మరొకరు: సార్, మా బావమరిది థాయ్‌లాండ్ ప్యాకేజీ అంటున్నడు, ఇక్కడ పైసలు కడితే అక్కడ చిప్స్ ఇస్తరంట.)

ఆగమనండి ఆయన్ని. 2023 మే 1న పట్టాయల ఒక హోటల్ మీద పోలీసులు రెయిడ్ చేస్తే పట్టుబడ్డోళ్లల్ల ఎనభై మందికి పైగా ఇండియన్సే, మన తెలుగోళ్లు కూడా ఉన్నరు. థాయ్‌లాండ్‌ల లీగల్ కాసినోనే లేదు అన్నా, పట్టాయల కాసినో అని ఎవడన్నా ప్యాకేజీ అమ్మితే అది అక్కడనే నేరం. అంతకుముందు 2022 జూలైల ఈడీ హైదరాబాద్‌ల సోదాలు చేసింది, నేపాల్ కాసినో ట్రిప్పుల మీద. ఇక్కడ రూపాయలు కట్టుడు, అక్కడ చిప్స్ తీసుకునుడు, ఆ మధ్యల నడిచేది హవాలా, ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం కింద చిక్కుకుంటరు. నేపాల్, కొలంబో, సింగపూర్, ఇవి లీగల్, పాస్‌పోర్టు పట్టుకుని మీ అంతట మీరు పోతే ఆడొచ్చు. సింగపూర్‌ల లోకల్ వాళ్లు రోజుకి 150 డాలర్లు కట్టి లోపలికి పోవాలె, మనకి ఫ్రీ, 21 నిండితే చాలు. నేపాల్‌ల నేపాలీలకే ఎంట్రీ లేదు. నేను చూసిందేందంటే చానా చోట్ల కాసినో పెట్టి ఆ ఊరోళ్లని మాత్రం దూరం పెడుతున్నరు.

(ఒకావిడ: సార్, మా అబ్బాయి ఫోన్‌లో ఏదో ఆడి అప్పులు చేసిండు, గోవా కాదు ఏం కాదు...)

అమ్మా, కార్యక్రమం అయినంక నాతో మాట్లాడండి, ఇక్కడ అందరి ముందు వద్దు. ఇప్పుడైతే రెండు నంబర్లు రాసుకోండి. యాప్ వాడు మోసం చేసిండు, పైసలు ఇరికినయి అంటే 1930, సైబర్ క్రైమ్ వాళ్లది, ఎంత తొందరగ చేస్తే అంత మంచిది. అబ్బాయి ఆపలేకపోతున్నడు, నిద్ర లేదు అంటే 14416, టెలీ మానస్, సర్కారుది, ఫ్రీ, తెలుగుల మాట్లాడతరు. తిట్టకండి ముందు, ఎంత అప్పుందో, ఎవరికి బాకీనో కాగితం మీద రాయించండి, మళ్లీ అప్పు తెచ్చి అప్పు కట్టనియ్యకండి.

(ఒక కుర్రాడు: సార్, ఫైనల్‌గా చెప్పండి, మీరైతే ఎక్కడ కూర్చుంటరు?)

నేనా? మామూలు వారం రోజు, సాయంత్రం తొందరగ, జనం రాకముందు పోత. ముందు హాలంతా ఒక చుట్టు తిరిగి మినిమమ్‌లు, బోర్డులు చదువుత, చిప్ కొనకుండనే. కమీషన్ తీసుకునే బకరా టేబుల్ తక్కువ మినిమమ్‌ది ఉంటే బ్యాంకర్ మీద, లేకపోతే సింగిల్ జీరో రౌలెట్‌ల ఎరుపు మీద. లోనా-బయట అయితే మొదటి ముక్క ఏ పక్కనో డీలర్ చెప్పినంకనే చెయ్యి జేబుల పెడత. ఓటీపీ చిప్ ఒక్క నంబర్ మీద, 17 మీద, దానికి లెక్కేం లేదు, మా ఇంటి నంబరు. ఇగ ఏటీఎం కార్డు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగుల ఉంటది, ఆమె బఫే దగ్గర ఉంటది, ఆ బఫే దాకా నడిచి పోయి కార్డు అడగాలంటే నాకు ధైర్యం చాలదు.